గుర్రాల గేటు

చుట్టుపక్కల ఊర్లోళ్లు దాన్ని గుర్రాల దవాఖాన అనేటోళ్లు. నిజానికి అది దవాఖాన కాదు, సర్కారు మందుల పరిశోధన జాగ. బొంబాయి రోడ్డుకెళ్లి రెండు ఫర్లాంగులు లోపటికి, జొన్నచేన్ల నడుమ పెద్ద గోడ. లోపట గుర్రాల పాకలుండె. వాటికి పాము విషం కొంచెం కొంచెం సూదితోని ఎక్కించేటోళ్లు. కొన్ని నెలలకు వాటి రక్తం తీసి, అండ్లకెళ్లి పాముకాటుకు మందు తయారు చెయ్యాలని వాళ్ల ప్రయత్నం. నన్నెవరూ కూసుండబెట్టి ఇది చెప్పలే. గేటు కాడ నిలబడి నిలబడి తెలుసుకున్న.

నేను సంగారెడ్డి దిక్కు రైతు ఇంట్ల పుట్టినోణ్ని. డెబ్బైల మొదట్ల కేంద్రం పోలీసు బలగంల భర్తీ అయిన. ఫ్యాక్టరీలకు, సర్కారు జాగలకు కాపలా ఉండే బలగం మాది. పాస్ ఉంటె పంపాలె, లేకుంటె ఆపాలె, పోస్టు ఇడిసి అడుగు కదలొద్దు. ట్రైనింగ్‌ల ఇదే నేర్పిండ్రు. నాకది సుఖంగనే అనిపించింది. చెల్కల ఉన్నప్పుడు వాన పడ్తదా, బోదెలకు నీళ్లెట్ల అని పొద్దంత పరేషాన్. గేటు కాడ ఆ బాధ లేదు.

ఒక వానాకాలం, పగటియాళ్ల, ఎడ్లబండి ఒకటి గేటు ముంగటికొచ్చి ఆగింది. బండి తోలేది ఆడమనిషి. ఎనుక గోనెసంచుల మీద ఆమె పెనిమిటి పండుకొని ఉన్నడు. మోకాలి కింద చీరపేలికతోని గట్టిగ కట్టిండ్రు. కాలు నల్లగ ఉబ్బింది. కండ్ల రెప్పలు ఎత్తలేకపోతున్నడు.

"సారూ, కలుపు తీస్తుంటె నాగుపాము కొట్టింది. గీడ పాము మందు చేస్తరంట గద, జెర ఇప్పియ్యుండ్రి," అన్నది.

నేనేమన్ననో నాకిప్పటికీ యాదికున్నది.

"పాస్ ఉన్నదా?" అన్న.

ఆమె నా మొఖం దిక్కు చూసింది. నేనడిగింది ఆమెకు సమజ్ కాలే. మళ్ల అదే మాట అన్నది, జెర ఇప్పియ్యుండ్రి అని.

ఫోన్ చేసి హవల్దార్‌ను పిలిచిన. ఆయనది కోస్తా దిక్కు. బొత్తాలు పెట్టుకుంటనే వచ్చిండు. "ఇది ఆసుపత్రి కాదమ్మా. సంగారెడ్డి తీసుకెళ్లండి, త్వరగా వెళ్లండి," అన్నడు. తర్వాత ఆయనే లోపటికి ఫోన్ చేసిండు. తెల్లకోటేసుకున్న డాక్టర్ ఒకాయన ఉరుక్కుంట వచ్చి, వంగి ఆ కాలు చూసిండు.

"మా దగ్గరున్నది మనుషులకు ఇచ్చేది కాదు. ఇంకా పరీక్షలోనే ఉంది. ఎక్కిస్తే దానివల్లే ప్రాణం పోవచ్చు," అన్నడు. అబద్ధం చెప్పినట్టు లేదు. జీపు పంపుదామన్నడు. గని ఉన్న ఒక్క జీపు పొద్దున్నే పట్నం పోయింది.

ఆమె బండి మలిపింది. రోడ్డు మీద లారీలు పోతనే ఉన్నయి. గేటు కాడికి ఆ చప్పుడు ఇనబడ్తున్నది. ఉరికితె అయిదు నిమిషాలు. ఒక లారీ ఆపి ఆయన్ను ఎక్కిస్తె గంటలోపే సంగారెడ్డి దవాఖాన. ఆ ఆలోచన నాకప్పుడే వచ్చింది, తర్వాత వచ్చింది కాదు. అయినా నేను పోస్టు కాడనే నిలబడ్డ. బండి మూల తిరిగేదాక చూసి, లోపటికొచ్చి రిజిస్టర్ రాసిన: ఎడ్లబండి ఒకటి వచ్చినది, పాస్ లేనందున వెనుకకు పంపడమైనది.

తెల్లారి పాలాయన చెప్పిండు, సంగారెడ్డి తొవ్వల కంది ఊరు దాటకముందే ఆయన ప్రాణం పోయిందంట. నేను ఊఁ అన్న. పాలు పోయించుకున్న. పటాన్‌చెరుల మేముండే కిరాయి అర్రకు పోయి అన్నం తిన్న. "ఏందయ్యా, గట్లున్నవ్?" అని నా భార్య అడిగింది. ఏం లేదన్న. నిజంగనే ఏం లేకుండె. ఏడుపొస్తదేమోనని చూసుకున్న, రాలే. కోపం కూడ రాలే.

వారం దినాలైనంక పరేడ్‌ల ఇన్‌స్పెక్టర్ నన్ను ముంగటికి పిలిచిండు. ఒత్తిడి వచ్చినా పోస్టు ఇడువలేదని అందరి ముందట మెచ్చుకున్నడు. నా సర్వీసు పుస్తకంల ఒక మంచి మాట రాసిండు. సెల్యూట్ కొట్టిన.

చలికాలం రాంగనే గుర్రాలకు గడ్డి కోసే కూలోళ్ల జట్టుల ఆనాడు బండి తోలినామె వచ్చింది. ఆమె చేతిల పాస్ ఉన్నది. దాని మీద ఫోటో, గుండ్రటి ముద్ర. ఆ దినంకెళ్లి పొద్దున పాస్ చూసుడు, మాపటికి వాళ్లు బయటికి పోయేటప్పుడు మూటలు ఇప్పి తడిమి చూసుడు, ఇదే నా పని. ఆమె మూట కూడ అందరి మూటల లెక్కనే ఇప్పేటోణ్ని. ఆమె నన్ను గుర్తువట్టలేదనుకున్న.

ఒకనాడు ఆమే అడిగింది. "గీ గుర్రాలకు విషమెక్కిస్తరంట. సావయా?"

"సావయి. జెరంత జెరంత ఎక్కిస్తరు. అలవాటైతది."

"ఊఁ," అన్నది. మూట మళ్ల కట్టుకుంట, తలెత్తకుండ, "ఆనాడు ఈడ నువ్వే ఉంటివి గద," అన్నది.

"అవును."

"నేను మొదటిరోజే గుర్తువట్టిన."

ఆమె ఎనుక ఇంకో నలుగురు మూటలు పట్టుకొని నిలబడ్డరు. నేనడిగిన, "ఆనాడు నేను రోడ్డు మీదికి ఉరికి లారీ ఆపితె ఆయన బతుకుతుండెనా?"

"నాకేమెరుక సారూ. బండ్లనే నోట్లకెళ్లి నురుగొచ్చింది," అన్నది. తిట్టలే, ఏడ్వలే. "జల్దీ ఇడువుండ్రి, ఇంట్ల ముసలమ్మ ఒక్కతే ఉన్నది," అని మూట నెత్తినెత్తుకొని పోయింది.

ఆ తర్వాత రెండేండ్లు ఆమె అదే గేటుకెళ్లి వచ్చింది, పోయింది. మేం మళ్ల ఆ ముచ్చట ఎత్తలే. నాకు సముద్రం ఒడ్డున ఓడల రేవుకు బదిలీ అయింది. పోయేముందు ఆమెతో చెప్పాలనుకున్న గని ఆ దినం ఆమె పనికి రాలే. జొరమొచ్చిందని పక్కామె చెప్పింది. సరే అని సామాన్లు సర్దుకున్న. బస్సుల నా భార్య కిటికీ పక్కకు కూసున్నది, నేను ఇవతల కూసున్న. సదాశివపేట సుట్టాలకు ఉత్తరం రాయాలని ఆమె ఏదో చెప్తున్నది, నేను తలూపుకుంట ఇన్న.