పెదనాన్న పూసిన గ్రీజు

మా పాళెంలో ఏ కబురైనా ముందుగా బోట్ల వాళ్ళ ఫోను గ్రూపులో పడుతుంది. పోయిన నెల ఒక పొద్దున్నే అందులో ఒక గొంతు వినిపించింది. “గ్రీజు డాక్టరు పోయినాడంట అబ్బయా. ఐసు షెడ్డు కాడ గోడకి ఆనుకోని కూచున్నోడు కూచున్నట్టే పోయినాడంట.”

పోయినాయన మా పెదనాన్న. మా నాన్నకు సొంత అన్న. ఆయనకు ఆ పేరు పెట్టింది నేను.

ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఆ సంగతే అడ్డం వస్తోంది. అందుకని మంచీ చెడూ అన్నీ వరసగా చెప్పేస్తాను.

పెదనాన్న బోట్ల ఇంజన్లు బాగుచేసేవాడు. అక్షరం ముక్క రాదు. అయినా జువ్వలదిన్నె రేవు నుంచి కూడా ఆయన కోసం మనుషులు వచ్చేవాళ్ళు. నడుస్తున్న ఇంజను మీద పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి అదిమి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ సమయంలో పక్కన ఎవరైనా మాట్లాడితే కాలితో వాళ్ళ మీదికి ఇసక చిమ్మేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, “రెండో దాంట్లో ఉండాది రోగం” అనేవాడు. విప్పి చూస్తే రెండో సిలిండరులోనే ఉండేది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు తొందరపడి పానా తీస్తే చేతి మీద ఒక్కటి వేసి, “ముందర విను, తర్వాత విప్పు” అనేవాడు.

నోరు మాత్రం మంచిది కాదు. ఇంజనుకు నూనె మార్చకుండా పాడుచేసుకుని వచ్చిన ఒక ఓనరును, “దీనికి నువ్వు పెట్టినట్టే నీకూ కూడు పెట్టమని మీ ఇంట్లో చెప్పిపోతా ఉండు” అని రేవులో అందరి ముందూ దులిపేశాడు. ఆ ఓనరుకు ఎర్ర రంగు వేసిన ఫైబరు బోటు ఉండేది. ఈ కథలోకి ఆయన మళ్ళీ వస్తాడు.

పెదనాన్నకు అన్నిటికన్నా పెద్ద పగ ఉప్పుగాలి మీద. ఒక పాత టిఫిన్ డబ్బా నిండా గ్రీజు పెట్టుకుని తిరిగేవాడు. ఇనుము, రాగి, ఏది కనబడినా వేలితో కాస్త తీసి పూసేవాడు. బోటు బ్యాటరీ కొసలకు, సైకిలు చైనుకు, తలుపు బందులకు. మా ఇంటి గడియకు పూస్తే అది మా అమ్మ కొత్త చీరకు అంటుకుంది. “నీ చేతులు విరగ, గడియని గూడా వదల్లేదా బావా!” అని మా అమ్మ తిట్టింది. ఆయన నవ్వి, “చీర పోతే ఇంకోటి కట్టుకుంటావు. గడియ తుప్పుపడితే దొంగోడు నీ చీరలన్నీ ఎత్తకపోతాడు” అన్నాడు.

మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేను. పదో తరగతి అయ్యాక ఇక చాలన్నాడు మా నాన్న. పెదనాన్న ఒప్పుకోలేదు. “దీని తలకాయ బాగా తిరగతాందిరా. ఇప్పుడు ఆపితే పట్టేస్తాది” అన్నాడు, ఇంజను గురించి చెప్పినట్టే. నేను ఇంజనీరింగులో చేరాక, కావలిలో మూతపడుతున్న ఒక నెట్ సెంటరు వాళ్ళకు జనరేటరు బాగుచేసి, కూలికి బదులు ఒక పాత కంప్యూటరు తెచ్చాడు. దాన్ని ‘డబ్బా’ అనేవాడు. నేను పని చేసుకుంటుంటే పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, లోపల ఫ్యాను తిరిగే చప్పుడు వినేవాడు. “ఇయ్యాల రొంత గసపెడతాంది, తుడువు” అనేవాడు. తెరిచి చూస్తే దుమ్ము ఉండేది.

చదువు అయిన రెండు నెలలకు, ఇళ్ళకూ ఆఫీసులకూ కంప్యూటరులో బొమ్మలు తయారుచేసే ఒక చెన్నై ఆఫీసు నాకు పరీక్ష పెట్టింది. నాలుగు రోజుల్లో ఒక ఇంటి బొమ్మ, అన్ని వైపులా తిప్పి చూపించేటట్టు చేసి పంపాలి. బాగుంటే ఇంట్లో కూర్చునే ఉద్యోగం. మా డబ్బాలో ఆ బొమ్మ తెరిస్తే మౌసు కదిలించిన అరనిమిషానికి ఇల్లు కదిలేది. దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి. తెర మీద బొమ్మలు గీసే పని ఒక్కటే చేసే పలక అది. నేను కాగితం మీద పేరు రాసిచ్చాను. పెదనాన్న మొదటి బస్సుకు నెల్లూరు వెళ్ళి, ఆ కాగితం మూడు షాపుల్లో చూపించి, మధ్యాహ్నానికల్లా పాత కార్డు ఒకటి తువ్వాలులో చుట్టి తెచ్చాడు.

“సీటు దొరికినా కూచోలేదమ్మే. పక్కనోడి మోచెయ్యి తగలతాదేమోనని నిలబడే వచ్చినా” అన్నాడు.

నేను అన్నం తిని వచ్చేసరికి ఆయన ఆ కార్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కార్డు అంచున, స్లాటులో దిగే చోట, పళ్ళ వరసలా బంగారు రంగు గీతలు ఉంటాయి. వాటి మీద చూపుడువేలితో పల్చగా గ్రీజు పూసి ఉంది.

“పండ్లకి పూసినా. ఇంక జన్మలో తుప్పు పట్టదు” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. రబ్బరుతో రుద్దాను, స్పిరిట్‌తో తుడిచాను. కార్డు బిగించి స్విచ్చి వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉండిపోయింది. సిగ్నల్ లేదని ఒక ముక్క కనబడి అదీ పోయింది. కార్డు తీసేస్తే పాత తెర ఎప్పటిలాగే వచ్చింది. పెడితే నలుపు. తీస్తే వెలుగు. సాయంత్రం దాకా అదే పని చేశాను. మెమరీ పలకలు తీసి పెట్టాను, స్లాటులో బ్రష్షు తిప్పాను, కార్డును పది సార్లు దింపాను. తీస్తే పనిచేసి, పెడితే పనిచేయకపోతే తప్పు కార్డుదే కదా, కార్డును పాడుచేసింది గ్రీజే కదా అనుకున్నాను. నాకు అందులో ఒక్క అనుమానం కూడా రాలేదు.

కొత్త బొమ్మ చూద్దామని అప్పటికే వాకిట్లో అయిదారుగురు చేరారు. ఎర్ర బోటు ఓనరు గడప మీద కూర్చుని, “ఏందన్నా, నీ చెయ్యి పడినాక రోగి కండ్లు తెరవలేదా?” అన్నాడు. అందరూ నవ్వారు.

పెదనాన్న వాళ్ళను పట్టించుకోలేదు. డబ్బా దగ్గరికి వంగి చెవి పెట్టాడు. “విప్పడం ఆపి రొంతసేపు వినుమ్మే. ఫ్యాను తిరగతాంది. ప్రాణం ఉండాది. ఎక్కడో కలవలా, అంతే” అన్నాడు.

అప్పుడు నేను అన్నాను. “దీంట్లో వినేదానికేముంది? ఇది నీ డీజిలు ఇంజను కాదు. కనబడిన దానికల్లా గ్రీజు పూసే గ్రీజు డాక్టరువి నువ్వు. చదువురాని చేతుల్తో ఇంక దీన్ని ముట్టుకోబాక.”

గడప మీద ఓనరు తొడ చరిచి నవ్వాడు. “గ్రీజు డాక్టరు! ఎట్ట దొరికిందిమే నీకా మాట!” పెదనాన్న లుంగీకి చేతులు తుడుచుకుని లేచాడు. తుడుచుకోవడానికి ఆ చేతుల్లో ఏమీ లేదు, అప్పటికే కడుక్కుని ఉన్నాడు.

నాలుగు రోజులూ గడిచిపోయాయి. చెన్నై వాళ్ళు మళ్ళీ పలకలేదు. బొమ్మ ఏమైందని అడిగిన ప్రతివాళ్ళకూ నేను పెదనాన్న గ్రీజు కథ చెప్పాను. బాగా నవ్వొచ్చేటట్టు చెప్పడం కూడా నేర్చుకున్నాను.

మూడు వారాల తర్వాత కార్డు వాపసు ఇద్దామని నెల్లూరు షాపుకు ఫోను చేశాను. షాపతను అంతా విని ఒక్కటే అడిగాడు. “మానిటర్ వైరు కార్డుకే పెట్టారా మేడమ్?”

మా డబ్బా బల్ల కింద గోడవైపు తిరిగి ఉండేది. వెనక్కి చెయ్యి పెట్టి, అలవాటుగా వైరును ఎప్పుడూ ఉండే రంధ్రంలోనే గుచ్చుతూ వచ్చాను. కార్డు పెట్టాక ఆ పాత రంధ్రం పనిచేయదు. కార్డుకు వెనకవైపు అలాంటిదే ఇంకో రంధ్రం ఉంది. డబ్బాను ఇటు తిప్పి వైరు అందులో పెట్టాను. తెర వచ్చింది. అంతే. ఎక్కడో కలవలేదు, అంతే.

ఒడ్డున ఇంజను విప్పుకుని కూర్చున్న పెదనాన్న దగ్గరికి పరుగెత్తి చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు. “పదారేండ్లు సదివి వైరు యాడ గుచ్చాల్నో తెలీలేదా నీకు! నన్ను జూసి నవ్వినోళ్ళందర్నీ పిలుద్దునా?” అన్నాడు. పిలవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. అప్పుడు ఆయన నవ్వు ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“ఎవురికీ చెప్పబాక.”

“ఎందుకు పెదనాన్నా?”

“ఎర్ర బోటోడు కూతుర్ని ఈ ఏడు కాలేజీకి పంపిస్తానన్నాడు, నిన్ను జూసి. ఇంజనీరు వైరు గుచ్చలేకపోయిందని తెలిస్తే మాన్పించేస్తాడు. వాడికి సాకే కావాల. నన్నంటే ఏముంది, పది రోజులు నవ్వి మర్చిపోతారు.”

ఆ మాట నాకు ఎంత హాయిగా తోచిందో రాయడానికి సిగ్గుగా ఉంది. సరేనన్నాను. అవతలి అమ్మాయి చదువు కోసమే అనుకున్నాను. నా పరువు కూడా దక్కిందన్నది అప్పుడు గుర్తుచేసుకోలేదు.

పది రోజుల్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ ఏడాదే ఎర్ర బోటుకు కొత్త ఇంజను వచ్చింది. దాని పక్కన వైర్లతో ఒక చిన్న పెట్టె ఉండేది. పెదనాన్న చూడబోతే ఓనరు అడ్డం నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. “వైర్లున్న ఇంజనన్నా ఇది. నువ్వు ముట్టుకోబాక. కంప్యూటరు సంగతి తెలుసుగా” అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు, నిజంగానే భయపడి అన్నాడు. నిజం నా నోటి దాకా వచ్చింది. పెదనాన్న నావైపు ఒకసారి చూశాడు. నేను గమ్మున ఉన్నాను.

ఒకరి వెనక ఒకరు అందరూ అలాగే అన్నారు. కొత్త ఇంజన్ల సంగతి ఆయనకు ఎటూ కొంత కష్టమే అయ్యేదేమో. ఆ కొంతను నేను మొత్తం చేశాను. తర్వాతి ఏడాదికి పెదనాన్న రేవులో ఐసు మోసే పనికి చేరాడు. అరవై దాటిన మనిషి, తల మీద గోనెపట్టా, దాని మీద ఐసు పెట్టె, మెడ వెంబడి కారే నీళ్ళు. ఒకసారి ఎదురుపడితే నేను తల దించుకున్నాను. “ఎండాకాలంలో అందరికన్నా చల్లగా ఉండేది నేనేమ్మే” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం అదే డబ్బా, అదే కార్డు మీద ఇంకో ఆఫీసులో పని దొరికింది. ఒకసారి కావలిలో డబ్బా బాగుచేయించడానికి తీసుకెళితే అతను తెరిచి చూసి, “సముద్రం పక్కన ఊరా? అన్ని స్లాట్లకూ పచ్చగా చిలుము పట్టింది. ఈ కార్డు స్లాటు ఒక్కటే ఎట్లా శుభ్రంగా ఉందో” అన్నాడు. నేను తుడవగా మిగిలిన గ్రీజు పని అది. ఆ మాటైనా పెదనాన్నకు చెప్పాల్సింది. ఆదివారం చెబుదామనుకున్నాను. చాలా ఆదివారాలు గడిచాయి.

పెద్దదినం రోజు పందిట్లో కర్మ భోజనాల బంతి సాగుతుండగా ఎర్ర బోటు ఓనరు ఆయన్ను తలుచుకున్నాడు. ప్రేమగానే. “ఎట్టాంటి చెయ్యన్నా అది! ఆ కంప్యూటరు ఒక్కటే ఆయనకి లొంగలా” అన్నాడు. జనం నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను. తప్పు గ్రీజుది కాదని, వైరు వేరే రంధ్రంలో పెట్టింది నేనని, ఆయనకు తెలిసి కూడా నన్ను కాపాడటానికి మాట పడ్డాడని మొత్తం చెప్పాను.

ఓనరు తల ఊపాడు. “మంచి పిల్ల. పోయినోడి మీద మాట ఉండకూడదని తన మీద ఏసుకుంటాంది.” అవునవునన్నారు. ఓనరు కూతురు, ఇప్పుడు కాలేజీ రెండో సంవత్సరం, వడ్డిస్తూ నా చెవిలో, “ఊరుకో అక్కా, నువ్వు అట్టాంటి తప్పు చేస్తావా?” అంది. నేను ఒట్టేసి చెప్పాను. ఇంకా మెచ్చుకున్నారు.

అప్పుడు పెద్దమ్మ వచ్చింది. బొట్టు లేని మొహంతో, చేతిలో వడల పళ్ళెంతో. పెదనాన్న ఆమెకు కూడా చెప్పలేదని ఆ క్షణంలో తెలిసింది. నా భుజం పట్టి కూర్చోబెట్టింది. కొంగుతో నా కళ్ళు తుడిచింది.

“ఏడవబాక తల్లే. ఆయనవి మొరటు చేతులు. నీ ఉద్యోగం చెడగొట్టినానని ఆయనా బాధపడే ఉంటాడు, చెప్పుకోలేదంతే. నువ్వేం మనసులో పెట్టుకోబాక. ఆయన్ని క్షమించు” అంది.

నా విస్తట్లో ఇంకో వడ వేసి, నేను తినేదాకా అక్కడే నిలబడింది.