ఆ వారం ఉత్తమ జ్వరం

స్టీలు డబ్బాల మూతల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. కొట్లో చూసేటప్పుడు చిటికెన వేలు తగిలితే చాలు, ఊడి వస్తాయి. ఇంటికి తెచ్చి తినేదేదైనా పోశామా, ఇక రావు. మా వంటింట్లో అలాంటిదొకటి ఉంది. దాన్ని తెరవాలంటే ముందు చుట్టూ గరిటెతో కొట్టాలి, తర్వాత మోకాళ్ల మధ్య ఇరికించుకోవాలి, ఆ తర్వాత పక్కింటివాళ్లను పిలవాలి. "డబ్బ మనది గాదు, మీద పేరు మనది గాదు. ఎవరిదో వాళ్లకిచ్చి రారాదు?" అని మా ఆవిడ నెలకోసారి అంటుంది. చుక్కలు చుక్కలుగా చెక్కిన ఆ పేరు మాది కాదన్నది నిజమే. ఇచ్చి రావడానికి ఒకసారి వెళ్లానన్నది కూడా నిజమే.

ఆ రోజుల్లో (అంటే మరీ ఎడ్లబండ్ల కాలమేమీ కాదు, ఫోన్లో డేటా చవకై, మా జిల్లాలో ప్రతి నలుగురిలో ఒకరు కవి అయిపోయిన రోజులు, మిగతా ముగ్గురూ అడ్మిన్లు) ఒంటరితనం చాలా గొప్ప విషయమని నాకో నమ్మకం ఉండేది. కవిత్వానికి అది ఎరువులాంటిదనుకునేవాణ్ణి. ఎరువు ఎక్కువైతే చేను ఎండిపోతుందని నాకు తెలియక కాదు. ఆ సంగతి రైతులకు చెప్పడమే నా ఉద్యోగం.

నిజామాబాద్‌లో డిగ్రీ అయ్యాక బోధన్‌లో పని దొరికింది. పొలాల్లో మట్టి తీసి, సంచిలో పోసి, చీటీ అంటించి, పరీక్షకు పంపాలి, ఏ ఎరువు ఎంత వెయ్యాలో రైతుకు చెప్పాలి. నేను చదివింది రసాయన శాస్త్రం కాబట్టి మా బాపు దీన్ని మా ఊరు ఇందల్వాయిలో "సైంటిస్టు నౌకరి" అని చెప్పుకునేవాడు. (నా దగ్గరున్న పరికరం పార.) రోజంతా చెరుకు తోటల్లో తిరిగేవాణ్ణి. ఎదిగిన చెరుకులో మనిషి నిలబడితే బయటికి కనిపించడు. నేను నిలబడ్డా, నిలబడకపోయినా బయటివాళ్లకు పెద్ద తేడా ఉండేది కాదు. సాయంత్రం బస్టాండు వెనుక ఒక ఇంటి డాబా మీదున్న రేకుల గదికి చేరేవాణ్ణి. అప్పుడు ఇందల్వాయి నుంచి మా అవ్వ (అంటే అమ్మ) ఫోను. "ఎవరన్న దోస్తులైండ్రా బిడ్డా?" రోజూ ఇదే ప్రశ్న. ఒకరోజు విసుగొచ్చి, "నలభై మంది ఉన్నరే అవ్వా" అనేశాను. అవ్వ వెంటనే లెక్క వేసుకుంది. "నలభై మందా! ఒక్కసారే ఇంటికి పట్కరాకురా, బియ్యం నానబెట్టాలె."

నలభై మంది అన్నది అబద్ధం కాదు. వాళ్లందరూ ఫోన్లో ఉన్నారు. 'చెరుకుతోట కవనవేదిక' అనే గ్రూపులో. నిజామాబాద్‌లో జిరాక్సు కొట్టు నడిపే ఒకాయన దానికి అడ్మిన్. అందరం అడ్మిన్ అన్న అనేవాళ్లం. ఆయన దగ్గర రంగుల ప్రింటరు ఉండటం వల్ల ఆ పదవి ఆయనకు సహజంగానే వచ్చింది. వారానికొక ఉత్తమ కవితను ఎంచి, రెండు నెమళ్లు, పెళ్లిపత్రిక అంచు, మధ్యలో మన ఫొటో పెట్టి సర్టిఫికెట్ తయారుచేసి గ్రూపులో పెట్టేవాడు. గ్రూపుకొక నియమం ఉండేది: ఐదుకొకటి. అంటే ముందు ఐదుగురి కవితలు మెచ్చుకుంటేనే మన కవిత ఒకటి పెట్టుకోవాలి. కవులు ఒకరినొకరు ప్రోత్సహించుకోకపోతే ఎట్ల అని అడ్మిన్ అన్న వాదన. అది మంచి వాదనే. కాకపోతే రోజంతా మట్టి తవ్వి వచ్చినవాడికి ఐదుసార్లు చలించే ఓపిక ఉండదు. అందుకని నేను పన్నెండు మెచ్చుకోళ్లు ముందే రాసి ఫోన్లో దాచుకున్నాను. 'హృదయాన్ని తాకింది', 'మాటలు రావడం లేదు', 'గుండె బరువెక్కింది' వగైరా. వాటిని వంతులవారీగా వాడేవాణ్ణి. ఎవరో పెళ్లిరోజు మీద రాసుకున్న కవిత కింద గుండె బరువెక్కించిన రోజు తప్ప పెద్దగా ఇబ్బంది రాలేదు. వాళ్ల దగ్గరా ఇలాంటి జాబితాలు ఉంటాయన్న అనుమానం మాత్రం నాకు ఒక్కరోజూ రాలేదు. నా కవితల కింద వచ్చిన 'మాటలు రావడం లేదు'లన్నీ నిజంగా మాటలు రాకనే అనుకున్నాను.

ఒక్కరికే ఈ నియమం వర్తించేది కాదు. ఆయన ఎన్నడూ కవిత పెట్టలేదు గనక మెచ్చుకోవలసిన అవసరమూ పడలేదు. రుద్రూర్ పెద్దాయన. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో గేటు దగ్గర చెరుకు బండ్లు తూచేవాడట. అందుకే అందరికీ కాంటా సార్. ప్రతి కవితా వదలకుండా చదివి, కింద ఒకే మాట రాసేవాడు: "చదివిన." మంచి కవితకూ అదే, చెడ్డదానికీ అదే. ఒక్కసారి మాత్రం, వెన్నెల మీద నేను రాసిన ముప్పై రెండు లైన్ల కవిత కింద ఇంకాస్త పొడుగ్గా రాశాడు: "బండి బరువు తీసేస్తే చెరుకెంత?" నాకు అర్థం కాలేదు. అడ్మిన్ అన్నను అడిగాను. "గది కాంటా లెక్క తమ్మీ. నిండు బండి తూస్తరు, చెరుకు దించినంక ఖాళీ బండి తూస్తరు. మిగిలిందే చెరుకు. నీ దాంట్ల బండే ఎక్కువున్నదంటున్నడు" అని ఆయన నిదానంగా, అవసరమైన దానికన్నా స్పష్టంగా చెప్పాడు. నాకు రోషం వచ్చింది. మరుసటి వారం నలభై ఆరు లైన్లు పంపాను. "చదివిన" అన్నాడు కాంటా సార్. అప్పటినుంచి నా పరిస్థితి ఏమిటంటే, ముప్పై తొమ్మిది మంది పొగిడినా ఆ నలభైయ్యో ఆయన కింద ఏమన్నాడో చూసి కానీ అన్నం సయించేది కాదు. మూడేళ్లు అలా చూశాను.

ఆ వానాకాలం ఇంటి ఓనరమ్మ వాళ్లు నాందేడ్‌లో పెళ్లికని వారం రోజులకు తాళం వేసుకుని పోయారు. వాళ్లు బస్సెక్కిన సాయంత్రమే నాకు జ్వరం ఎక్కింది. మొదటి రోజు కవిత్వానికి పనికొస్తుందనుకున్నాను. రెండో రోజు ఆఫీసుకు ఫోన్ చేస్తే, "రెస్టు తీస్కో. గని శుక్రవారం వరకు సంచులు పంపు" అన్నారు. మూడో రోజుకు బిందెలో నీళ్లైపోయాయి. మెట్లు దిగుదామంటే మొదటి మెట్టు రెండుగా కనిపించింది. అవ్వకు ఫోన్ చెయ్యొచ్చు. చేస్తే, నలభై మందీ ఏమైపోయారని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? అందుకని నేరుగా ఆ నలభై మందినే అడుగుదామనిపించింది. గ్రూపు తెరిచి ఇలా టైపు చేశాను:

మూడు రోజులైంది జ్వరం
కింద ఇల్లు తాళం
మంచినీళ్ల బిందె ఖాళీ
లేస్తే కళ్లు తిరుగుతున్నాయి
బోధన్ బస్టాండు వెనుక
నీలం గేటు, డాబా మీద గది
ఎవరైనా దగ్గర్లో ఉంటే
రండి

లైన్లు విరగ్గొట్టాలని నేను అనుకోలేదు. మూడేళ్ల అభ్యాసం. రెండు మూడు మాటలకోసారి కిందికి దిగడం నా బొటనవేలికి అలవాటైపోయింది, నేను చెప్పినా వినేది కాదు. పంపి, ఫోను గుండెల మీద పెట్టుకుని, ఎవరు ముందు బయలుదేరతారా అని చూస్తూ పడుకున్నాను.

ముందు వచ్చింది కాలువ బాబాయి. అంటే ఆయన మెచ్చుకోలు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద స్థిరపడ్డ రైతు కుటుంబం ఆయనది; నా గదికి గట్టిగా ఆరేడు కిలోమీటర్లు. "ఏం రాశారండీ బాబూ! 'మంచినీళ్ల బిందె ఖాళీ'. ఆ ఒక్క ముక్క చాలండి. కాలువ గట్టు మీద కూర్చున్నానా, నాకే దాహం వేసేసిందండి!" ఆ వెనకే నందిపేట అక్క, అంగన్‌వాడీ టీచరు: "కన్నీళ్లు ఆగుతలేవు తమ్మీ. నీలం గేటంటే ఆకాశమే గద? డాబా మీద గదంటే ఆత్మనే గద?" ఇంకెవరో చివరి 'రండి'ని ఒంటరిగా ఒక లైన్లో నిలబెట్టడంలోని శిల్పాన్ని విశ్లేషించారు. చేతులు జోడించిన బొమ్మలు వరదలా వచ్చాయి.

ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవాలి. "ఇది కవిత కాదు, నాకు నిజంగా జ్వరం" అని టైపు చేశాను. పంపబోతుంటే ఇంకో మెచ్చుకోలు వచ్చింది. అది చదివి పంపుదామనుకున్నాను. చదివాక, ఇంకొకటి. నా మూడేళ్ల కవిజీవితంలో ఒక పూటలో అన్ని మెచ్చుకోళ్లు ఎప్పుడూ రాలేదు. అందులో చాలావరకు నేను వాడే పన్నెండింటిలోవే అని మసక కళ్లకు కూడా తెలుస్తూనే ఉంది. అయినా టైపు చేసింది చెరిపేసి, "ధన్యవాదాలు అక్కా. అవును, ఆత్మే" అని రాశాను.

మర్నాడు పొద్దున అడ్మిన్ అన్న నుంచి: "తమ్మీ! ఇన్ని రోజులకు నీ లోపలున్న కవి బయటికొచ్చిండు. ఈ వారం ఉత్తమ కవిత నీదే. ఫొటో పంపు. పాస్‌పోర్టు సైజైన నడుస్తది." నేను లేచాను. నీళ్ల కోసం లేవలేనివాణ్ణి ఫొటో కోసం లేచాను. గోడ పట్టుకుని తల దువ్వుకుని, కిటికీ వెలుగులో ఫొటో తీసుకుని పంపాను. గంటలో నెమళ్లు వచ్చాయి. కళ్లు ఎర్రబడి, చెంపలు లోపలికి పోయి, గడ్డం మాసి, మొదటిసారి నేను అచ్చం కవిలా ఉన్నాను. ఆ సర్టిఫికెట్‌ను కాసేపు చూసుకున్నాక, అది తాగడానికి పనికిరాదని అర్థమయ్యాక, ఏడుపొచ్చింది. నలభై మంది నా ఒంటరితనాన్ని చూశారు. చాలా బాగుందన్నారు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మెట్ల మీద చప్పుడైంది. ఒక్కో మెట్టుకూ ఆగి ఆగి ఎవరో ఎక్కుతున్నారు. తలుపు తోసుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. తలకు తువాలు, చేతి సంచిలో స్టీలు డబ్బా, ఇంకో చేతిలో నీళ్ల బాటిలు. నేనెప్పుడూ చూడని మనిషి. "ఎవరు?" అన్నాను. ఆయన ఆయాసం తీర్చుకుని అన్నాడు:

"చదివిన."

ఇంకేం అడగక్కర్లేకపోయింది. నీళ్లు తాగించాడు. డబ్బా మూత రాలేదు. నేల మీద రెండు దెబ్బలు, గడపకు మూడు దెబ్బలు వేస్తే వచ్చింది. జొన్న రవ్వ గట్క, మజ్జిగ పోసి పలుచగా కలిపింది. నేను తాగుతుంటే ఆయన గది అంతా చూసి, "నీలం గేటని రాసినవ్. సగం తుప్పే ఉన్నది. రెండుసార్లు ముందుకు పోయి మర్లొచ్చిన" అన్నాడు. ఆయన నా రచన మీద చేసిన రెండో విమర్శ అది.

తన మోపెడ్ మీద, నన్ను తువాలుతో తన నడుముకు కట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. సెలైను పెట్టారు. పక్కన స్టూలు మీద నా ఫోను పట్టుకుని కూర్చున్నాడు. అది ఆగకుండా మోగుతోంది.

"ఏందిరా గిది, గింతగనం మోగుతున్నది?"

"అభినందనలు సార్."

"జరానికా?"

నేను కళ్లు మూసుకున్నాను. ఇంతలో అవ్వ ఫోను. గొంతు వినగానే పట్టేసింది. "ఏమైందిరా? పక్కన ఎవరన్న ఉన్నరా? గా నలభై మంది ఉన్నరా?" "ఒక్కరున్నరే అవ్వా" అన్నాను. ఫోను ఆయనకిమ్మంది. "ఆఁ, మంచిగనే ఉన్నడమ్మా... బాటిలు ఎక్కుతున్నది... నేనా? నేను దోస్తునే... అరవై ఎనిమిది." ఆ చివరి మాట దగ్గర అవతల అవ్వ ఏమడిగిందో నాకిప్పటికీ తెలియదు. సాయంత్రం బస్సుకు దిగింది మాత్రం. వచ్చి, నాకన్నా ముందు ఆయనకు దండం పెట్టింది.

పది రోజుల తర్వాత డబ్బా కడిగి తీసుకుని రుద్రూర్ వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ఒక మంచం. కుర్చీ లేదు. నేను వచ్చానని పక్కింట్లోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. దాన్ని బట్టి ఆ ఇంటికి ఎవరూ రారని తెలిసింది. గూట్లో ఫోను ఛార్జింగుకు పెట్టి ఉంది, మా గ్రూపు తెరిచే ఉంది. నలభై మంది కవితలనూ పొద్దుటి నుంచి పొద్దుమూకే దాకా ఈయన ఎందుకు చదువుతాడో నాకు అప్పుడు తట్టింది. డబ్బా ఇవ్వబోతే, "ఉండనియ్. మల్ల జరం రాదా ఏంది?" అన్నాడు. సరే అని సంచిలో పెట్టుకున్నాను. ఆ సంచితోనే నిజామాబాద్‌కు బదిలీ అయ్యాను, పెళ్లి చేసుకున్నాను. కవిత్వం అక్కడక్కడా జారిపోయింది, డబ్బా జారిపోలేదు. ఇప్పుడు వంటింట్లో దాని మూత మీద గరిటెతో కొడుతుంటే, ఆ ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న అప్పటి నేను కళ్లముందుకొస్తాను. చావు తప్పి, నలభై మంది సంగతి తెలిసొచ్చి కూడా, ఒక్క మెచ్చుకోలు కోసం గొంతు సవరించుకుంటున్న ఆ ఇరవై నాలుగేళ్లవాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. వాడికి జ్వరం తగ్గింది గానీ, అది తగ్గలేదు.

"సార్," అన్నాను ఆ రోజు, వీలైనంత మామూలుగా. "అందరు కవితనుకున్నరు. మీకొక్కరికే నిజమని ఎట్ల తెలిసింది?"

కాంటా సార్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తూచేవాడిలా కాసేపు నన్ను చూశాడు.

"బాగుండె. గందుకే అనుమానమొచ్చింది. నువ్వు గంత మంచిగ రాయవు గదా."