హుల్తా దారికి తగిన బ్లేడు

హుల్తా దారి పొడవు రెండు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. స్మోలాండ్ అడవుల్లో తారు రోడ్డు దగ్గర మొదలై, పదకొండు ఇళ్లను పలకరించి, సరస్సు ఒడ్డున ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ముందుకు వెళ్లే పని ఎవరికీ లేదు కనుక దారికీ లేదు. ప్రభుత్వం ఈ దారి తనది కాదంటుంది. దీని మంచీ చెడ్డా ఆ పదకొండు ఇళ్లవాళ్లు పెట్టుకున్న దారి సంఘానిదే. ఆ సంఘానికి ఒక అధ్యక్షురాలు, ఒక కార్యదర్శి, ఒక మినిట్స్ పుస్తకం, ఒక దారి సంరక్షకుడు ఉన్నారు.

సంరక్షకుడి పేరు తూరె హాల్‌బర్గ్. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇరవై రెండేళ్లుగా ఈ పదవి అతనిదే. దీనికి జీతం లేదు, కాలపరిమితి లేదు, పోటీ అంతకన్నా లేదు. మంచు కరిగింది మొదలు మళ్లీ మంచు పడేదాకా, నెలకు రెండుసార్లు, తన చిన్న ట్రాక్టరు వెనక ఇనప బ్లేడు తగిలించుకుని దారి పొడుగునా కంకర చదును చేసేవాడు. వీపు నిటారుగా పెట్టి, టోపీ సర్దుకుని, గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో అతను వెళ్తూంటే ట్రాక్టరు కాస్తా అంబారీలా కనిపించేది. లోకంలో తూరెను తూరెగా నిలబెట్టినవి రెండే. ఒకటి భార్య సిగ్నె, రెండోది ఈ పదవి. ఈ వరసను అతను ఇంట్లో ఉన్నప్పుడు మార్చేవాడు కాదు.

ఇంత చేసినా హుల్తా దారి గతుకులమయమే. అవి దారినపోయే గతుకులు కావు. ఒకదాని వెనక ఒకటి, సరస్సులో అలల్లా, ఎవరో కొలిచి పేర్చినట్టుండేవి. తూరె దీనికి మూడు కారణాలు చెప్పేవాడు. నేలలో గడ్డకట్టే మంచు, కలప లారీలు, ఈ కాలపు కంకరలో పస లేకపోవడం. ఏటా మే నెలలో అధ్యక్షురాలు గున్‌వోర్ ఇంటి వరండాలో సంఘం సమావేశమయ్యేది. కాఫీలు తాగి, యాలకుల బన్నులు తిని, అందరూ ఆ మూడు కారణాలూ విని తలలు ఊపేవారు. ఆపైన మినిట్స్ పుస్తకంలో ఒక వాక్యం ఎక్కేది: “దారిని శ్రద్ధగా చూసుకుంటున్న తూరెకు సంఘం ధన్యవాదాలు తెలిపింది.” ఇరవై రెండు మే నెలల్లో ఇరవై రెండుసార్లు, అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం.

ఇరవై మూడో మే నెలలో ఎజెండాకు కొత్తగా తొమ్మిదో అంశం చేరింది: “దారి భవిష్యత్తు.”

దాని వెనక కార్యదర్శి ఎస్కిల్ గోడ గడియారం ఉంది. తాతల నాటి ఆ గడియారాన్ని ఎస్కిల్ పట్నంలో బాగు చేయించి, ఒళ్లో పెట్టుకున్నంత భద్రంగా కారులో తెచ్చుకున్నాడు. తారు రోడ్డు మీద అది బుద్ధిగానే నడిచింది. హుల్తా దారి దాటి ఇంటికి చేరేసరికి పదమూడు కొట్టింది. అప్పటినుంచి దాని ఇష్టం వచ్చినంత కొడుతోంది. ఎస్కిల్ తూరెను ఒక్క మాట అనలేదు. అలా అనే అలవాటు ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. పట్నంలో దారులు చదును చేసే పెద్ద గ్రేడరు యంత్రం ఉన్న ఒక కంపెనీకి మాత్రం ఉత్తరం రాశాడు.

“తూరె మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు,” అంది గున్‌వోర్. డెబ్బై నాలుగేళ్ల మనిషి, పూర్వాశ్రమంలో లెక్కల టీచరు. “ముందుగా ఆ మాట మినిట్స్‌లో రాసుకుందాం.” రాసుకున్నారు. “ఆ కంపెనీ వచ్చి పని చేస్తే తూరెకు కాస్త విశ్రాంతి దొరుకుతుందని మాత్రమే.”

విశ్రాంతి అంటే ఏమిటో తూరెకు తెలుసు. కన్ను మూసినవాళ్ల గురించి చెప్పేటప్పుడు పాస్టరుగారు కూడా ఆ మాటే వాడతారు. అతను లేచి నిలబడి, లోపం మనిషిలో లేదని, ట్రాక్టరుకు తగిలించే పనిముట్టులో ఉందని, సరైన పనిముట్టు ఎంచుకోవడానికి జూన్ చివర్లో వచ్చే మిడ్‌సమ్మర్ పండగదాకా గడువు కావాలని అడిగాడు. అప్పటికి దారి నున్నగా కాకపోతే గ్రేడరు రావచ్చన్నాడు. సంఘం ఒప్పుకుంది. కాదనడం అక్కడ మర్యాద కాదు.

మర్నాటి నుంచి పొద్దుటి రొట్టె పక్కన కాటలాగు ప్రత్యక్షమైంది. అందులో ముఖ్యంగా మూడు జాతులున్నాయి. మొదటిది తన దగ్గరున్నదాని లాంటి ఉత్త బ్లేడు. రెండోది రెండు పక్కలా గోడలు, ముందు ఇనప పళ్లు ఉన్న బాక్సు బ్లేడు. మూడోది మంచుబండికున్నట్టు రెండు పొడుగాటి పట్టాలూ వాటి మధ్య రెండు బ్లేడులూ ఉన్న చట్రం. తూరె వాటి బరువులు, వెడల్పులు, పళ్ల సంఖ్యలు నోటుపుస్తకంలో ఎక్కించాడు. నాలుగో రోజు సిగ్నె కాఫీ పోస్తూ, “నన్ను చేసుకునే ముందు ఇంత ఆలోచించావా?” అనడిగింది.

“అప్పుడు ఒక్క మోడలే ఉంది,” అన్నాడు తూరె కాటలాగులోంచి తలెత్తకుండా.

యంత్రాల దుకాణం ఆవిడ బాక్సునూ చట్రాన్నీ పరీక్షకు అరువిచ్చింది. తూరె తన పాత బ్లేడును కూడా అభ్యర్థిగా నిలబెట్టాడు, న్యాయం న్యాయమే కదా అని. దారిని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం ఒక్కోదానితో చదును చేశాడు. తీర్పు చెప్పే బాధ్యత ఎస్కిల్ తీసుకున్నాడు. కారు డాష్‌బోర్డు మీద భాగానికొక తెల్ల గుడ్డ పరిచి, దాని మీద అంచుదాకా కాఫీ పోసిన కప్పు పెట్టి, ముప్పై వేగంతో వెళ్లాడు. పాత బ్లేడు భాగంలో కప్పులో సగం గుడ్డ మీదికి, కొంత ఎస్కిల్ మోకాళ్ల మీదికి వచ్చింది. బాక్సు భాగంలో పదకొండు చుక్కలు. చట్రం భాగంలో ఒక్క చుక్క కూడా లేదు. గుడ్డలు మూడింటినీ ఎస్కిల్ ఆరబెట్టి, మినిట్స్ పుస్తకానికి జతపరిచాడు.

బాక్సును తిరిగి ఇవ్వడానికి వెళ్లిన తూరె, ఇంత తేడా ఎందుకొచ్చిందని దుకాణం ఆవిడను అడిగాడు. ఆవిడ కౌంటరు మీద పెన్సిలుతో గీసి చూపించింది. ట్రాక్టరు పొట్టిది. బ్లేడు దాని తోక దగ్గర వేలాడుతుంది. ముందు చక్రం గతుకెక్కితే ముక్కు లేస్తుంది, తోక దిగి నేలను తవ్వుతుంది. చక్రం గుంతలో దిగితే తోక లేచి కంకరను కుప్పగా వదిలేస్తుంది. అంటే ఉన్న ప్రతి గతుకుకూ వెనకాల ఇంకో గతుకు పుడుతుంది. చట్రానికి పొడుగాటి పట్టాలున్నాయి కనుక ఆ బాధ లేదు.

“ఆ బ్లేడు ఎన్నాళ్లుగా వాడుతున్నావు?” అందావిడ.

“ఇరవై రెండేళ్లు.”

ఆవిడ వెంటనే కిటికీ వైపు తిరిగి, ఈ ఏడు వానలు తక్కువేనంది.

తూరె ఇంటికొచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. సిగ్నె బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

“మంచూ కాదు, లారీలూ కాదు. దారిని పాడు చేసింది నేనే,” అన్నాడు.

“అవును,” అంది సిగ్నె.

“నీకు తెలుసా?”

“అందరికీ తెలుసు.”

“మరి ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదే?”

“నువ్వు ఎంతో ఇష్టంగా చేస్తున్నావు కదా. ఆ దుంపల గిన్నె ఇలా అందుకో.”

తూరె గిన్నె అందించాడు. మర్నాడు చట్రం తగిలించి దారి మొత్తం చదును చేశాడు. మూడు రోజులకు హుల్తా దారి ఇస్త్రీ చేసిన దుప్పటిలా అయింది. జనం కార్లు ఆపి దిగి చూశారు. ఎస్కిల్ గడియారాన్ని మళ్లీ పట్నం తీసుకెళ్లి, పన్నెండు కొట్టేదాన్ని పన్నెండు కొట్టేదానిగానే వెనక్కి తెచ్చుకున్నాడు. తూరె పదవి గట్టెక్కినట్టే కనిపించింది.

పది రోజులు గడిచేసరికి మిడ్‌సమ్మర్ సమావేశం వచ్చింది. గున్‌వోర్ ముఖం ప్రసన్నంగా లేదు.

“తూరె మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు,” అని మొదలుపెట్టింది. తూరె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. దారి నున్నబడినప్పటినుంచి కార్లు రయ్యిమంటున్నాయని, ఆరేసిన దుప్పట్లన్నీ దుమ్మేనని, కోళ్లు భయంతో గుడ్లు పెట్టడం మానాయని ఆవిడ చెప్పింది. అసలు బాధ చివర్లో బయటపడింది. గురువారం చేపల బండి. ఇన్నేళ్లూ గున్‌వోర్ గేటు ముందు గతుకులకు అది నత్తలా పాకేది. ఆవిడ చెప్పులేసుకుని నింపాదిగా వెళ్లి హెర్రింగ్ చేపలు కొనుక్కుని, బండివాడితో అరగంట లోకాభిరామం చెప్పుకునేది. ఇప్పుడు ఒక కాలికి చెప్పు తొడిగేసరికి బండి సరస్సు దగ్గరుంటోంది. తిరుగుప్రయాణంలో రెండో కాలికి కూడా తీరిక ఇవ్వడం లేదు.

మిగతావాళ్లూ ఒక్కొక్కరే గొంతు సవరించుకున్నారు. అందరికీ ఏదో ఒకటి ఉంది. ఎస్కిల్ మాత్రం గ్రేడరు కంపెనీ జవాబు చదివి వినిపించాడు. దారి నున్నగా ఉంటుందని వాళ్లు పదేళ్ల హామీ ఇస్తున్నారు.

“వాళ్లకు గతుకులు వేయడం వచ్చా?” అంది గున్‌వోర్.

ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. తర్వాత, ఎవరూ ఎవరికీ సైగ చేయకుండానే, పదకొండు ఇళ్ల తలలూ తూరె వైపు తిరిగాయి. ఆ రంగంలో ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న మనిషి జిల్లాలో ఇంకొకడు లేడు.

తీర్మానం ఏకగ్రీవం. చట్రాన్ని సంఘం కొనాలి. దారంతా దానితోనే చదును చేయాలి. గున్‌వోర్ గేటుకు అటూ ఇటూ ఇరవై మీటర్ల మేర మాత్రం పాత బ్లేడుతో పాత పద్ధతిలో పని జరగాలి. ఈ రెండు పనులకూ బాధ్యుడు తూరె హాల్‌బర్గే.

అసలు కష్టం అక్కడే మొదలైంది. సోమవారం తూరె పాత బ్లేడు తగిలించి గేటు ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు. ఎస్కిల్ కప్పుతో వచ్చి వెళ్లాడు. గుడ్డ తెల్లగానే ఉంది. మంగళవారం ఏడుసార్లు తిరిగాడు. రెండు చుక్కలు పడ్డాయి, అవీ ఎస్కిల్ తుమ్మినందుకు పడినవి. గతుకు ఎలా పుడుతుందో తెలిసిపోయాక అతని చెయ్యి దానంతటదే బ్లేడును పైకీ కిందికీ సర్దుతోంది, ముక్కు లేవగానే తోక ఎత్తుతోంది. పనితనం వచ్చేసింది. గురువారం ఎంతో దూరంలో లేదు. గతుకులు వేయలేని సంరక్షకుణ్ణి సంఘం ఎన్నాళ్లు భరిస్తుంది?

బుధవారం సాయంత్రం సిగ్నె గేటు దాకా నడిచొచ్చి, కాసేపు చూసి, ట్రాక్టరు ఆపమంది.

“గతుకుల గురించి ఆలోచించకు,” అంది. “దారి బాగు చేస్తున్నాననుకో. ఇదివరకట్లాగే.”

తూరె టోపీ సర్దుకున్నాడు. వీపు నిటారుగా పెట్టాడు. నేలలోని మంచును, కలప లారీలను, ఈ కాలపు కంకరను తలుచుకున్నాడు. ఎదురుగా ఉన్న చెట్ల మీద చూపు నిలిపి, చిత్తశుద్ధితో, గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో ముందుకు సాగాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఎస్కిల్ కారు వచ్చింది, గేటు దాటింది, ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎస్కిల్ దిగాడు. చొక్కా ముందువైపంతా కాఫీ. అతను నడిచొచ్చి, తూరె చెయ్యి పట్టుకుని ఊపాడు.

మర్నాడు గున్‌వోర్ చెప్పులు రెండూ వేసుకుని నింపాదిగా గేటు దాకా వెళ్లింది.