తీసేసిన లైన్

రేణు దగ్గరికి రివ్యూకి వెళ్లిన కోడ్ చిక్కిపోయి తిరిగొచ్చేది. నలభై లైన్లు పంపితే ముప్పై రెండు మిగిలేవి. ఆ మిగిలినవి ఇంకాస్త బాగా పని చేసేవి కూడా. మోరిస్‌విల్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి వచ్చిన పదకొండేళ్లలో ఆమె తెచ్చుకున్న పేరు అదే. "ఆవిడకి పంపేముందు దిష్టి తీసి పంపండి" అని కుర్రాళ్లు నవ్వుకోవడం ఆమె చెవిన పడింది. కాదనలేదు. అనవసరమైన లైన్ ఆమెకి అన్నంలో రాయి. ఏరి పక్కన పెడితేగాని ముద్ద దిగదు.

కంపెనీ తయారు చేసేది ఒక చిన్న పెట్టె. ఆసుపత్రి ల్యాబుల్లో రక్తపరీక్షల మెషిన్ పక్కన కూర్చుని, దారిలో ఎవరూ చదవకుండా ఫలితాలకి తాళం వేసి డాక్టర్ల స్క్రీన్లకి పంపుతుంది. ఆ తాళాల పని క్రిప్టోగ్రఫీ లైబ్రరీ అనే, సిద్ధంగా దొరికే కోడ్‌ది. కొత్త వెర్షన్ వచ్చాక లైబ్రరీకి సొంతంగా ఏ తాళమూ తెలియదు. ఆ విద్యంతా ప్రొవైడర్లనే మాడ్యూళ్లలో ఉంటుంది. ఇప్పటి తాళాలు డిఫాల్ట్ అనే మాడ్యూల్‌లో, కాలం చెల్లినవి లెగసీ అనే ఇంకోదానిలో. ప్రోగ్రామ్ మొదలవుతూనే ఏ మాడ్యూల్‌ని లోపలికి పిలవాలో, ఎప్పుడు వదిలేయాలో రాసే ఫైలు ఒకటుంది. ఆ ఫైలు రేణుది. అందులో ఎవరు ఒక్క అక్షరం మార్చినా ఆమె సరేననాలి.

రెండేళ్ల కిందటి దాకా టీమ్‌లో ఆరుగురు ఉండేవాళ్లు. ఒక బుధవారం పొద్దున నలుగురి బ్యాడ్జీలు తలుపు దగ్గర పని చేయలేదు. రేణుకి పని నేర్పిన విశ్వనాథం గారు ఆ నలుగురిలో ఒకరు. ముందురోజే అప్పటి మేనేజరు ఆమెని గదిలోకి పిలిచి ఉద్యోగాలు పోయేవాళ్ల జాబితా చూపించి, ఎవరి పని ఎవరికి అప్పగించాలో అడిగి రాసుకున్నాడు. ఆ సాయంత్రం విశ్వనాథం గారు కారు దాకా తోడొచ్చి, కొత్తగా వేయించిన కిచెన్ టైల్స్ గురించి పావుగంట చెప్పారు. రేణు ఊ కొట్టింది. చెప్పలేదు.

అప్పట్నుంచి ఆమెకి దేనికీ పెద్దగా ఏమీ అనిపించడం లేదు. బాధ అనడానికీ లేదు. పన్ను తీసే ముందు ఇంజెక్షన్ ఇస్తే దవడ అక్కడే ఉంటుంది, తడిమి చూస్తే మాత్రం ఎవరిదో దవడలా ఉంటుంది. అలా. ఆఫీసుకి వెళ్లేది, వచ్చేది, కూర వండేది, ఎవరైనా జోక్ వేస్తే సమయానికే నవ్వేది.

మేధ జనవరిలో వచ్చింది. ఇరవై ఏడేళ్లు. హనుమకొండ అమ్మాయి. వీసా మనుషుల్ని పనికి పంపే ఒక వెండర్ కంపెనీది, పని ఇక్కడ. కాంట్రాక్టు మూడు నెలలకోసారి పొడిగించాలి. మాట తక్కువ, చదువుడు ఎక్కువ. లైబ్రరీ కొత్త వెర్షన్ పత్రాలు ప్రింట్ తీసుకుని, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివేది.

ఫిబ్రవరిలో ఒక మార్పు అవసరమైంది. కొన్ని ఊళ్ల ల్యాబుల్లో ఇంకా పాత మెషిన్లున్నాయి. అవి వేసే తాళం తీయడం లెగసీ మాడ్యూల్‌కి తప్ప తెలియదు. కాబట్టి లెగసీని కూడా పిలవాలి. మేధ రెండు లైన్లు రాసింది. ఒకటి డిఫాల్ట్‌ని పిలవడానికి, ఒకటి లెగసీని పిలవడానికి. రేణు మొదటి లైన్ పక్కన కామెంట్ పెట్టింది: డిఫాల్ట్ తనంతట తనే వస్తుంది. ఈ లైన్ అనవసరం, తీసేయండి.

మేధ ప్రింట్ కాగితం పట్టుకుని ఆమె టేబుల్ దగ్గరికి వచ్చింది.

"మేడం, ఎవర్నీ పిలవకుంటే డిఫాల్ట్ దానంతట అదే వస్తది. ఒక్కదాన్ని పేరు పెట్టి పిలిచినమంటే ఇగ అది రాదట. దాన్ని కూడా పిలవాలట. ఇందుల ఉన్నది."

రేణు కాగితం వైపు చూడలేదు. "పదకొండేళ్లుగా చూస్తున్నాను మేధా. వస్తుంది."

పదకొండేళ్ల మాట నిజమే. అందులో పదేళ్లు పాత వెర్షన్‌వి. దానికి బయటినుంచి ఏం తెచ్చి తగిలించినా లోపలి తాళాలు లోపలే ఉండేవి. మేధ కాగితం మడుచుకుని వెళ్లిపోయింది. లైన్ తీసేసింది. పరీక్షలన్నీ పాసయ్యాయి. ఎప్పుడో ఎవరో ఆఫీసులో కోడ్‌ని పరీక్షించే మెషిన్ సెట్టింగుల్లో డిఫాల్ట్‌ని పేరు పెట్టి పిలిచి ఉంచారు కాబట్టి పాసయ్యాయి. ఆసుపత్రి పెట్టెల్లో ఆ సెట్టింగు లేదు. రేణు కామెంట్ పరిష్కారమైనట్టు పచ్చటి టిక్ పడి మడత పడిపోయింది. మడత పడినవాటిని ఎవరూ విప్పి చూడరు.

ఏప్రిల్ రెండో మంగళవారం ఉదయం ముప్పై ఒక్క ల్యాబులకి అప్‌డేట్ వెళ్లింది. పిలిచిన లెగసీ వచ్చింది. పిలవని డిఫాల్ట్ రాలేదు. పెట్టెలు పాత తాళాలు చక్కగా తీశాయి. తీసినదానికి కొత్త తాళం వేయబోతే, ఆ తాళం పేరే తెలియదన్నాయి. నాలుగు గంటలపాటు ఒక్క ఫలితమూ కదల్లేదు. ల్యాబుల్లో పనిచేసేవాళ్లు ప్రింట్లు తీసుకుని మెట్లెక్కి వార్డులకి పరుగెత్తారు. ఒక ఊళ్లో ఒకాయన పొటాషియం ఫలితం రెండు గంటలు ఆలస్యమైంది. ఆయన బాగానే ఉన్నాడని మధ్యాహ్నానికి తెలిసింది.

తప్పు కనిపెట్టింది మేధే. తను తీసేసిన లైన్ తనే తిరిగి పెట్టి రేణుకి పంపింది. రేణు పది సెకన్లలో సరేనని నొక్కింది. ఇద్దరి టేబుళ్ల మధ్య దూరం ఆరడుగులు. ఎవరూ తలెత్తలేదు.

ఏదైనా పెద్ద పొరపాటు జరిగితే ఆ ఆఫీసులో పోస్ట్‌మార్టం రాస్తారు. నిమిషాలతో సహా ఏం జరిగిందో రాస్తారు. ఎవరి పేరూ మాత్రం రాయకూడదు. నింద లేకుండా నేర్చుకోవాలని నియమం. గురువారానికి అందులో "ఒక ఇంజనీర్ డిఫాల్ట్ మాడ్యూల్‌ని పిలవలేదు" అని ఒక వాక్యం చేరింది. ఆ ఒక ఇంజనీర్ ఎవరో కింది అంతస్తులో కాఫీ కలిపే అతనికి కూడా తెలుసు.

అదే రోజు మేనేజరు అనీష్ రేణుని గదిలోకి పిలిచాడు. అనీష్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు. కాలేజీ రోజుల్లో తెలుగు సంఘం పిక్నిక్కుల్లో ఆమె చేతి పులిహోర తిన్నవాడు. నలుగురిలో రేణు అంటాడు, తలుపు మూశాక ఆంటీ అంటాడు. తలుపు మూసి, మేధ కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పాడు. వెండర్‌కి కారణం రాసి పంపేశాడట. పనిలో నిర్లక్ష్యం అని. వచ్చే శుక్రవారం ఆఖరి రోజు. ఆ తరవాత అరవై రోజుల్లో ఇంకో పని దొరకాలి, లేకపోతే దేశం వదలాలి. ఆ కారణం చూసి వెండర్ ఆమెని ఇంకెక్కడికి పంపుతుంది?

"నేను ఏం చెయ్యాలి ఆంటీ? కస్టమర్స్ ఆస్క్ చేస్తున్నారు, వాట్ చేంజ్డ్ అని. సమ్‌థింగ్ చూపించాలి కదా."

రేణు తలూపి బయటికి వచ్చింది. ఏమన్నా అనిపిస్తుందేమోనని సీట్లో కూర్చుని కాసేపు చూసింది. ఏమీ అనిపించలేదు. లంచ్ డబ్బా తీసి బీరకాయ కూర తిన్నది.

శనివారం ఇంటి ముందు ఆమె భర్త భాస్కర్ పైపుతో కారు కడుగుతున్నాడు. ఆ నెలంతా పైన్ చెట్ల పుప్పొడి పసుపు చల్లినట్టు కార్ల మీద పేరుకుపోతుంది, కడిగిన గంటకే మళ్లీ పడుతుంది. రేణు జరిగిందంతా చెప్పింది, ఎవరి గురించో చెప్పినట్టు. భాస్కర్ పైపు కట్టేశాడు.

"నీ పేరు ఎక్కడైనా ఉందా?"

"మడత పెట్టిన కామెంట్లో ఉంది."

"మడత ఎవరైనా విప్పారా?"

"లేదు."

"మరి నువ్వెందుకు విప్పుతావ్?" అతను గొంతు పెంచలేదు. వాళ్ల గ్రీన్ కార్డ్ అప్లికేషన్ ఆమె ఉద్యోగం మీదే నడుస్తోందని, పదేళ్లు ఆగి ఇప్పుడు ఆఖరి మెట్టు మీద ఉన్నామని మళ్లీ చెప్పాల్సిన పని లేదన్నట్టు చెప్పాడు. "ఆ పిల్లకి ఇరవై ఏడు. ఇంకోటి దొరుకుద్ది. మనకి దొరకదు రేణూ."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు ఆమెకి. తలూపింది. అతను పైపు తిప్పాడు.

సోమవారం మైక్రోవేవ్ దగ్గర మేధ ఒక్కతే ఉంది. రేణు పక్కన నిలబడి తన డబ్బా వేడెక్కేదాకా ఆగి అడిగింది, ఆ కామెంట్ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదని.

మేధ స్పూన్ టిష్యూతో తుడుచుకుంటూ, "కమిట్ నాది కదా మేడం, కోడ్ పోయింది నా పేరు మీదనే" అంది. స్పూన్ పక్కన పెట్టి, "చెప్పాలనే అనుకున్న. మీరు సీట్ల కూసోని ఊకున్నరు. మీకే లేంది నాకెందుకని ఊకున్న."

అందులో కోపం లేదు. ఎండ ఎక్కువుందని చెప్పినట్టు చెప్పింది. తన డబ్బా తీసుకుని, రేణు డబ్బా కూడా తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అందుకుంటే డబ్బా వేడికి రేణు వేళ్లు చురుక్కుమన్నాయి. ఆమె వెంటనే వదలలేదు.

టేబుల్ దగ్గరికి వెళ్లి ఫిబ్రవరి నాటి రివ్యూ తెరిచింది. పచ్చ టిక్ మీద నొక్కితే మడత విడింది. తన వాక్యం, తన పేరు, తేదీ. వాటిని తీసుకుని పోస్ట్‌మార్టంలో ఆ ఒక ఇంజనీర్ వాక్యం కింద అతికించింది. పది నిమిషాల తరవాత చూస్తే తన పేరు లేదు. దాని చోట అనీష్ "ఒక రివ్యూయర్ సూచించారు" అని మార్చాడు. నియమం ప్రకారమే మార్చాడు.

బుధవారం మీటింగులో పదిహేనుమంది ఉన్నారు, సగం స్క్రీన్ల మీద. అనీష్ ఆ వాక్యం దగ్గరికి రాగానే రేణు మైక్ నొక్కింది. మేధ ఆ లైన్ రాసిందని, తీసేయమన్నది తనేనని, తీస్తే ఏమవుతుందో మేధ కాగితం తెచ్చి మరీ చెప్పిందని, తను ఆ కాగితం చూడలేదని చెప్పింది. నాలుగు వాక్యాలు. స్క్రీన్ మీద ఎవరిదో కుక్క మొరిగింది. పేర్లు వద్దని అనీష్ ఇంగ్లీషులో గుర్తు చేసి, తరవాతి వాక్యం చదివాడు. మేధ నోట్‌బుక్‌లో ఏదో గీస్తూనే ఉంది.

మీటింగయ్యాక అనీష్ తలుపు మూశాడు.

"ఆంటీ, ఇది చెప్పక్కర్లేదు కదా, యూ డిడ్ నాట్ హావ్ టు."

"వెండర్‌కి రాసిన కారణం మార్చు అనీష్."

"కాంట్రాక్ట్ వెనక్కి తీసుకురాలేను. బడ్జెట్ వేరే టీమ్‌కి వెళ్లిపోయింది."

"కారణం మార్చు. నేను ఇక్కడే కూర్చుంటాను."

అతను ఆమె వైపు చూశాడు. లాప్‌టాప్ తెరిచి టైపు చేశాడు, తుడిచాడు, మళ్లీ టైపు చేశాడు. పొరపాటు రివ్యూలో జరిగిందని, ఆ ఇంజనీర్ ముందే హెచ్చరించిందని, తప్పు కనిపెట్టింది కూడా ఆమేనని రాశాడు. ఆమెకి చూపించాడు. రేణు అలవాటు కొద్దీ ఒక మాట అనవసరం అనబోయి ఊరుకుంది. అతను పంపించాడు. తరవాత, ఆమె కళ్లలోకి చూడకుండా, ఆ ఫైలు ఇక ఆమె ఒక్కదానిది కాదని, ఇంకో టీమ్ నుంచి ఒకాయన కూడా సరేనంటేనే మార్పులు వెళ్తాయని, జూన్‌లో ఇచ్చే పనితీరు రేటింగుల్లో ఇది వస్తుందని చెప్పాడు. సరే అంది.

ఇంట్లో భాస్కర్‌కి చెప్పింది. అతను రెండు రోజులు కారు కడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మేధ టేబుల్ ఖాళీ చేస్తూ వచ్చింది. షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఒక ఇంటర్వ్యూకి వెండర్ తన పేరు పంపిందని, సోమవారం ఫోన్ వస్తుందని చెప్పింది. దొరుకుతుందో లేదో తెలియదంది. ఆఖరి మార్పు ఒకటి రివ్యూకి పెట్టాను మేడం, వీలైతే చూడండి అని, బ్యాడ్జీ రిసెప్షన్‌లో ఇవ్వడానికి వెళ్లింది.

రేణు తెరిచింది. డిఫాల్ట్‌ని పిలిచే లైన్, లెగసీని పిలిచే లైన్. రెండూ వచ్చాయో లేదో చూసే పరీక్ష, అదీ ఖాళీ సెట్టింగుల మీద. ఏదైనా రాకపోతే పెట్టె మొదలవకుండానే ఆగిపోతుంది. పైన మూడు లైన్ల వ్యాఖ్య, ఎవర్ని పిలిస్తే ఎవరు రారో వివరంగా. అందులో ఒక లైన్ రెండోసారి చెప్పిన మాటే. కర్సర్ దాని పక్కన వెలిగి ఆరుతోంది. రేణు చాలాసేపు దాన్ని చూసింది.

తీయలేదు. సరేనని నొక్కింది. రెండో ఆయన కూడా ఒప్పుకోవాలి కాబట్టి తెర మీద ఇంకా పసుపు గుర్తే ఉంది. ఆమె ఆయన పేరు వెతికి, ఇవాళే చూడమని రెండు వాక్యాలు రాసి, కిందికి రిసెప్షన్ వైపు నడిచింది. మేధ కారు అప్పటికే పార్కింగ్‌లోంచి రోడ్డు మీదికి తిరుగుతోంది. అది నిలిచిన చోట మాత్రం తారు నల్లగా ఉంది, చుట్టూ అంతా పుప్పొడి.