రూత్ ఎడమ కాలి కొలత

2023 ఫిబ్రవరి. కేంబ్రిడ్జ్‌లో ఒక ప్లాజా, అందులో పిజ్జా షాపు పక్కన నా ఆల్టరేషన్స్ షాపు. ఆ ఏడాది ఎటు చూసినా మన స్టూడెంట్లే. దిగగానే రెండు సైజులు పెద్ద జాకెట్ కొనుక్కునేవారు, వేర్‌హౌస్‌లో ఉద్యోగం దొరకగానే సేఫ్టీ ప్యాంటు పొడవు తగ్గించమని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవారు. గుడివాడలో మా నాన్న దగ్గర నేర్చుకున్న పని ఇది. ఇన్నేళ్లలో చెప్పిన రోజుకి ఇవ్వని బట్ట ఒక్కటి లేదు. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి.

ఒక శనివారం మా చర్చికి వచ్చే సునీత తన కూతురు రూత్‌ని తీసుకొచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల, మోటోక్రాస్ రేసర్. అంటే మట్టి ట్రాక్ మీద గుట్టల పైనుంచి బైకుతో ఎగిరి దూకే రేసు. అదే ఆమె వృత్తి. యూరప్‌లో రెండు సీజన్లు పోటీ చేసింది. కిందటేడు పడి ఎడమ మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ అయింది. ఇప్పుడు అక్కడి టీమ్ మళ్లీ పిలిచింది. ఐదు వారాల్లో ఫ్లైట్. వాళ్లు పంపిన రేసు ప్యాంటు ఎడమ తొడ దగ్గర లూజుగా ఉంది.

"లెఫ్ట్ సైడ్ కొంచెం టైట్ చేస్తే చాలు, ఆంటీ. దట్స్ ఆల్," అంది రూత్.

టేపు పెట్టనిదే నేను కత్తెర పట్టను. మోకాలికి జానెడు పైన రెండు కాళ్లూ కొలిచాను. కుడి ఇరవై రెండు అంగుళాలు, ఎడమ ఇరవైన్నర.

"ప్యాంటు బాగానే ఉందమ్మా. నీ కాలే సన్నబడింది. ఫిజియో చూశారా?"

"చూశారు. ఓకే అన్నారు."

"ఎప్పుడు?"

"బిఫోర్ క్రిస్మస్. ఆ తర్వాత బైక్ మీదే ట్రెయిన్ అవుతున్నా. సేమ్ థింగ్."

ఆమె ప్యాంటు మార్చుకోవడానికి లోపలికి వెళ్లగానే సునీత నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఈ గుడ్డ మీ మిషన్‌కి లొంగదని చెప్పేయండి. మీ మాట వింటుంది. మళ్లీ ఆ హాస్పిటల్ కారిడార్లో కూర్చునే ఓపిక నాకు లేదు."

ఆ మాటకి జాలేసింది. కోపమూ వచ్చింది. నా మిషన్‌కి లొంగని గుడ్డా? "అబద్ధం చెప్పను సునీతా. నేను కాకపోతే ఇంకొకరు కుడతారు. కాలు మాత్రం అలాగే ఉంటుంది."

రూత్ బయటికొచ్చాక ఇద్దరి ముందూ చెప్పాను. ఇప్పటికి కచ్చా కుట్టు వేస్తాను, అంటే లాగితే ఊడొచ్చే తాత్కాలికపు కుట్టు. గుడ్డ కత్తిరించను. ఆ రెండు అంకెలూ చీటీ మీద రాసిచ్చాను. "ఇది ఫిజియోకి చూపించు. నేను డాక్టర్ని కాను, కానీ నా కొలత తప్పదు. ప్రతి శనివారం రా."

"ఇట్స్ మై కెరీర్, ఆంటీ," అంది రుసరుసలాడుతూ.

"తెలుసు. అందుకే చెప్తున్నా."

ఆ చీటీ చూసి ఫిజియో మళ్లీ బలం పరీక్షలు పెట్టారట. తప్పింది. బైక్ ఆపి వ్యాయామాలు చేయమన్నారు. రెండో శనివారం తొడ మీద ఎర్రగా ఒరుసుకుపోయిన గీతతో వచ్చింది. బైక్ ఆపకముందు ఆ ప్యాంటుతో నడిపినప్పుడు, నేను లోపల వదిలిన మడత మోకాలికి తొడిగే బ్రేస్ కింద పడి రాసుకుంది. తప్పు నాదే. అందరినీ కొలిచినట్టే నిలబెట్టి కొలిచాను, రేసర్ నిలబడి బండి నడపదు కదా. క్షమించమని అడిగి, బైక్ మీద కూర్చున్నట్టు స్టూలు మీద మోకాళ్లు వంచి కూర్చోబెట్టి మళ్లీ కొలిచాను. మడత బయటివైపుకి తిప్పాను.

వారం వారం పావంగుళం పెరిగింది. ఐదో శనివారానికి ఇరవై ఒకటిన్నర. ఫ్లైట్ మంగళవారం. ఇంకో రెండు వారాలు కావాలన్నారు ఫిజియో. రూత్ ఆ స్టూలు మీదే కూర్చుని టీమ్‌కి ఫోన్ చేసింది. మొదటి రేసుకి రానని, రెండో దానికి వస్తానని చెప్పింది. ఫోన్ పెట్టేసి ఏడ్చింది. జాకెట్లు పట్టుకుని క్యూలో ఉన్న స్టూడెంట్లు చూపులు తిప్పుకున్నారు. సునీత కూతురి వీపు నిమిరింది.

రెండు వారాల తర్వాత పరీక్ష పాసయి వచ్చారు. నేను కొలవబోతుంటే సునీత నా చేతిలోంచి టేపు తీసుకుంది. తనే కొలిచింది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచింది. ఇరవై ఒకటీ ముప్పావు. ఆ పావంగుళం తేడా ఉన్నా ఫరవాలేదన్నారట ఫిజియో.

టేపు చుట్టి నాకిచ్చి, ప్యాంటు బల్ల మీద పెట్టింది. "కచ్చా కుట్టు తీసేయండక్కా. డబుల్ కుట్టు వేయండి. పడినా ఊడకూడదు."

ఆ పావంగుళం మేరకే లోపలికి పట్టి, మూడు వరసలు వేశాను. రెండో రేసులో రూత్ పదకొండో స్థానంలో వచ్చింది. పడలేదు.

అప్పటిదాకా ఎవరైనా బట్ట లూజైందంటే ఎంత తగ్గించాలనే అడిగేదాన్ని. ఇప్పుడు ఎందుకు లూజైందని ముందు అడుగుతున్నాను. కొందరికి చిరాకు వస్తుంది. రానివ్వండి.