అత్తయ్య గదిలో రికార్డరు

వేసవి సెలవుల్లో ఒక ఉదయం లేచేసరికి పెరట్లో బోరు దగ్గరి కేబులు లేదు. స్టార్టరు పెట్టె దాకా ఉన్న వైరంతా ఎవరో కోసుకుపోయారు. మా ఆయన భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తారు. పొద్దున్నే నిడదవోలులో రైలెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి. "కెమెరాలు పెట్టించేద్దాం. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా, దగ్గరుండి చూసుకో" అని చెప్పి వెళ్లిపోయారు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. కృష్ణా గోదావరీ ఎక్కడ పుట్టి ఎటు పారతాయో బోర్డు మీద చూడకుండా గీస్తాను. ఆ రోజు మా ఇల్లు గీయడానికి మాత్రం నాకు చేతకాలేదు.

కెమెరాల షాపాయన వచ్చి ఇల్లంతా ఒకసారి తిరిగి, "రికార్డరు ఎక్కడ పెడదామండి?" అని అడిగాడు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. కెమెరా చూసింది కెమెరాలోనే ఉంటుందనుకున్నాను.

"కాదండి. నాలుగు కెమెరాల వైర్లూ ఒకచోటికి రావాలి. అక్కడ రికార్డరు ఉంటుంది. అదెక్కడో తేలితే గానీ వైరు ఎటు లాగాలో చెప్పలేనండి."

హాల్లో టీవీ పక్కన పెట్టేయమన్నాను. "దొంగ లోపలికొస్తే ముందు దాన్నే పట్టుకుపోతాడండి. అప్పుడిక చూసుకోవడానికేం ఉండదు" అన్నాడు. వంటింటి అటక మీదంటే పొగా వేడీ అన్నాడు. మేడ మీద గదంటే పైన రేకులు, ఎండాకాలం పాడైపోతుందన్నాడు. మరెక్కడ పెట్టాలో చెప్పమంటే, "మీ ఇష్టమండి, ఇల్లు మీది" అన్నాడు. మా ఆయనకు ఫోన్ చేస్తే మన పడగ్గదిలో పెట్టించమన్నారు. కాసేపటికి ఆయనే ఫోన్ చేసి, అది రాత్రంతా గుయ్యిమంటుందని ఆఫీసులో ఎవరో చెప్పారట, వద్దన్నారు. నేను కాగితం మీద గీసిన గీతలు చెరిపి మళ్లీ గీశాను. చివరికి ఏ గీత ఏ కెమెరాదో నాకే తెలియలేదు.

గోడల్లో పాత పైపులున్నాయి కదా, వాటిలోంచి లాగుదామనుకుంటే అదో తికమక. ఇల్లు కట్టించింది మామయ్యగారు. ఏ పైపు ఎటు పోతుందో ఆయనకే తెలుసు, ఆయన పోయి చాలా కాలమైంది. షాపాయన వరండాలో పైపులోకి వైరు లాగే స్ప్రింగు తోస్తే అది వంటింటి స్విచ్చుబోర్డులో తేలింది. ఆయన దాన్ని చూసి, "ఇదేంటండి ఇలా వచ్చింది?" అని నన్నే అడిగాడు. ఇక పైపుల మాట వదిలేసి గోడ మీద పట్టీలు కొట్టి లాగుదామనుకున్నాం.

నన్ను అంతకన్నా అయోమయంలో పడేసింది అత్తయ్య. పోయింది పెరటి వైపు వైరు. అయినా పెరట్లో కెమెరా వద్దంటుంది. మొదట జామచెట్టు అడ్డం అంది. కొమ్మ కొట్టిద్దామంటే కాకులు రెట్టలేస్తాయంది. అటు బాత్రూమ్ ఉందంది. బాత్రూమ్ తలుపు కనబడకుండా తిప్పుతామని షాపాయన చెప్పినా ఆవిడ ముఖం విప్పారలేదు.

సరిగ్గా అప్పుడే, "ఆ రికార్డరేదో నా గదిలో పెట్టండి" అంది.

చిన్న చప్పుడైతే నిద్రపట్టని మనిషి. "మీకు ఇబ్బంది కాదా అత్తయ్యా?" అన్నాను.

"ఏం పర్లేదమ్మాయ్. నా బీరువా పైన పెట్టించు. స్విచ్చు మాత్రం నాకందేలా ఉండాలి. ఉరిమినప్పుడు కట్టేసుకోవాలిగా."

షాపాయనకు చోటు నచ్చింది, నాకు పని తెమిలింది. పెరటి కెమెరాదితో సహా వైర్లన్నీ ఆవిడ గదిలోకే వెళ్లాయి.

బడి తెరిచాక మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్లో చూస్తే నాలుగు బొమ్మలూ నల్లగా ఉండేవి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నీ మామూలే. షాపాయన వచ్చి ఒకసారి కరెంటు అడాప్టరు అనుమానించాడు, ఇంకోసారి ఇంటర్నెట్ అన్నాడు. రెండూ మార్చినా అదే వరస. "నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదండి" అని తల గోక్కున్నాడు. అత్తయ్య ఆయనకు మజ్జిగ ఇచ్చి, "మిషన్లు కదా బాబూ, వాటికీ అలుపొస్తుంది" అంది.

ఒకరోజు ఒంటిపూట బడి. ఇంటికొచ్చి చూస్తే అత్తయ్య గదిలో లేదు. రికార్డరు స్విచ్చు కట్టేసి ఉంది. పెరటి తలుపు తీసి ఉంది. బట్టలుతికే బండ ఎక్కి, గోడకు ఆనుకుని అత్తయ్య నిలబడి ఉంది. గోడకవతల చిన్నత్తయ్య తల కనిపిస్తోంది.

చిన్నత్తయ్య అంటే అత్తయ్యకు తోడికోడలు, వెనకింట్లోనే ఉంటుంది. ఆ గోడ తిరిగి కట్టేటప్పుడు జానెడు స్థలం దగ్గర మా ఆయనకూ, ఆవిడ కొడుక్కీ మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి రెండిళ్ల మధ్యా రాకపోకల్లేవు. పెద్దవాళ్లూ మాట్లాడుకోవడం లేదనే అనుకున్నాను.

వాళ్లు మాట్లాడుకుంటున్నది పెద్ద విషయమేం కాదు. చిన్నత్తయ్య మోకాలికి ఏదో నూనె రాసిందట, మంట పుట్టిందట. అత్తయ్య వెనక్కి తిరిగి నన్ను చూసింది. చిన్నత్తయ్య తల గోడకవతల మాయమైంది.

"రోజూనా?" అన్నాను.

"మరెప్పుడు మాట్లాడుకుంటామమ్మాయ్? వాళ్లిద్దరూ మానేశారని మేం కూడా మానేస్తామా? మావాడు ఫోన్లో చూస్తే బాధపడతాడని కట్టేస్తన్నాను. అంతే."

"మరి దొంగలొస్తే?"

"నేనిక్కడే నుంచున్నాగా" అంది.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెబితే అత్తయ్యను పట్టిచ్చినట్టు. చెప్పకపోతే ఆయన పెట్టించిన కెమెరాను నేనే మోసం చేసినట్టు. చివరికి సగం చెప్పాను. "మధ్యాహ్నం కాసేపు ఆగిపోతోందండీ, ఎందుకో తెలియడం లేదు" అన్నాను.

ఆయన అన్నం కలుపుకుంటూ, "ఆగితే ఆగనీ. ఇంక ఆ షాపువాణ్ణి పిలవకు" అన్నారు. ఎందుకన్నారో అడగలేదు.

వానలు పడే రోజుల్లో చిన్నత్తయ్యకు జ్వరం వచ్చింది. ఆవిడ గోడ దగ్గరికి రావడం మానేసింది. ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఫోన్ తీస్తే నాలుగు బొమ్మలూ కనిపిస్తున్నాయి. ముందు గేటు తీసుకుని, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో క్యారేజీ పట్టుకుని అత్తయ్య వీధిలోకి వెళుతోంది. అటు తిరిగితే చిన్నత్తయ్య వాళ్ల వీధే. ఆ బొమ్మ భీమవరంలో ఆయన ఫోన్లోనూ ఉంటుందని గుర్తొచ్చి నాకు పాఠం మీద మనసు నిలవలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాయి. చేయి కడుక్కుని వచ్చి ఆయన అడిగారు.

"పిన్నికి ఎలా ఉందమ్మా?"

అత్తయ్య తలెత్తి నా వైపు చూసింది. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"తగ్గిందిరా. నోటికేం సయించటం లేదంట" అంది.

"రేపు ఆదివారమేగా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని చెప్పు" అన్నారాయన.

ఆయనకు ఎప్పటినుంచి తెలుసో, ఎంత తెలుసో నాకిప్పటికీ తెలియదు. మర్నాడు పొద్దున బండి మీద చిన్నత్తయ్యను ఎక్కించుకుని వెళ్లారు. ఆవిడ కొడుకు గుమ్మంలో నిలబడి, వానకు ఆవిడ తల మీద తువ్వాలు కప్పాడు.