రాక్షసుడితో రాజీ

ఆటలో జరిగినదానికి ఇన్నేళ్లు కోపం పెట్టుకుంటారా అని మా చెల్లెలు ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది? ఆ రాజీలో తనూ ఉంది.

అవి ప్రొద్దుటూరులో నెలకు రెండు బంద్‌లు జరిగే రోజులు. ఏ పల్లెలోనో పార్టీ కక్షల్లో ఒక మనిషి పడితే ఇక్కడ అంగళ్లు మూసేవాళ్లు. కాలేజీ ఉండదు, ఆడపిల్లలం గడప దాటకూడదు. బెంగళూరులో చదువు మానేసి మా ఇంట్లో చేరిన వేంపల్లె బావ, ఇరవై ముఖాల పాచిక ఒకటి తెచ్చి మాకు ఒక ఆట నేర్పాడు. కథ ఆయన చెబుతాడు. రాక్షసులూ దయ్యాలూ ఆయనే. వాళ్లతో తలపడే మనుషులం నేను, చెల్లెలు, మేడ మీది పిట్టగోడ దాటి వచ్చే పక్కింటి దర్జీ కూతురు. ఏ పని చేయాలన్నా పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని అయినట్టు.

ఆటలో నా మనిషి గొర్రెలు కాసే పిల్ల. చేతిలో వడిసెల తప్ప ఏమీ లేదు. ఏడాది పాటు ఆ పిల్ల బలాలూ గెలుపులూ రాసుకుంటూ నోటుబుక్కులో పెంచుకున్నాను. ఒకసారి రాక్షసుడి తమ్ముడు దర్జీ కూతురి గొంతు పట్టి కొండ అంచున వేలాడదీశాడు. నేను వడిసెల తిప్పి పాచిక వేశాను. ఇరవై పడింది. వాడు చచ్చాడు, ఆమె బతికింది. ఆ రోజు నన్ను పట్టుకుని నిజంగానే ఏడ్చింది.

చివరికి పెన్న లోయ అంచున రాక్షసుడి కోటకు చేరాం. వడిసెలలో రాయి పెట్టాను. తలుపు తెరుచుకుంది. లోపల యుద్ధం లేదు, చాప పరిచి ఉందన్నాడు బావ.

"కూసో మే, రాజీ అయిపోయింది," అంది దర్జీ కూతురు.

ముందు రోజే దర్జీవాళ్ల మేడ మీద నేను తప్ప ముగ్గురూ మాట్లాడుకున్నారట. రాక్షసుడు ఇక ఊళ్ల మీద పడడు. బదులుగా వాడి తమ్ముణ్ణి చంపినదాన్ని అప్పగించాలి. రాక్షసుణ్ణి చంపమని ఆట నేర్పితే, మావాళ్లు వాడితో పంచాయతీ పెట్టారు. ఈ జిల్లా బుద్ధి ఎక్కడికి పోతుంది?

"వాణ్ణి సంపింది నీకోసమే కదా!"

"కాదన్యానా? రాజీ కాకుంటే ఇంకా శానామంది సస్తారు మే."

"ఒక్కమాట అడిగింటే నేనే పోయింటి గదా!"

"తెల్సు మే. నువ్వు పోతావనే నమ్మకంతోనే మాటిచ్చినా."

నా మంచితనాన్ని నమ్ముకునే నన్ను అమ్మేసింది. కావాలంటే పాచిక వేసి పోరాడమన్నాడు బావ. నన్ను పట్టివ్వడానికి ఎదురుగా ఉన్నది ఆమె. వేయలేదు. నోటుబుక్కులో నా పిల్ల చచ్చినట్టు ఆయన అడ్డంగా గీత కొడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి బంద్ నాడు చెల్లెల్ని పంపి నన్ను ఆటకు ముందు గదిలోకి పిలిపించారు. వెళ్లాను.

"ఈసారి నీ మనిషి ఎవురు మే?" అన్నాడు బావ.

"రాక్షసుని పార్టీలో చేరతాండా."

దర్జీ కూతురు పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. పాచిక చేతిలోకి తీసుకున్నాను.

"ఆటలో ఈమె ఇల్లు యాడుందో సెప్పు బావా," అన్నాను.